నాలుగు ముసలి మేకలు

యోసేపు ఈలను చొక్కా అంచుతో తుడిచి, నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేశాడు. పొద్దున ఎనిమిదికి పలకల క్వారీ చేరగానే ఆయన చేసే మొదటి పని అది. నల్లదారం కట్టిన ఇత్తడి ఈల. లోపలి గింజ ఆడుతోందో లేదో తెలుసుకోవడానికి ఒకప్పుడు చెవి దగ్గర పెట్టుకుని కదిలించేవాడు. ఇప్పుడు నాలుక కొన ఆనించి చూసుకుంటున్నాడు.

రెండో పని జెండా. భార్య ఏసమ్మ తన పాత ఎర్రచీర చించి కుట్టిన గుడ్డను వెదురుకర్రకు బిగించి, కాలిబాట పక్కన పాతాడు. మూడో పని, మేకలు వచ్చాయో లేదో చూడడం. మొదటి రెండు పనులకూ ఆయనకు జీతం ఇస్తున్నారు. మూడోదాని సంగతి ఎవరికీ తెలియదు.

మేకలు వచ్చాయి. ఎదురుగా గుట్టవాలులో, తుమ్మచెట్ల కింద ముప్పై దాకా మేస్తున్నాయి. వాటి వెనక నెత్తిన తువ్వాలు వేసుకుని సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. యోసేపు మందలో నాలుగు ముసలి మేకలను వెతికి పట్టుకున్నాడు. చెవి చిరిగిన నల్లది, మచ్చల మొహంది, కొమ్ము విరిగినది, పాలు ఎండిపోయిన ఎర్రది. నాలుగూ ఉన్నాయి. మామూలు రోజుల్లో అయితే వాటిని చూడగానే ఆయన గుండె కుదుటపడేది. ఈ వారం మాత్రం వాటిని చూస్తేనే భయం వేస్తోంది.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. ఎండిన ఒళ్ళు, కొద్దిగా వంగిన నడుము. కనుబొమల్లో, చెవుల మడతల్లో పలకదుమ్ము బూడిదరంగులో పేరుకుపోయి ఉంటుంది. ఎంత రుద్దినా పోదని ఏసమ్మ రుద్దడం మానేసింది. ఈల దారం ఒరుసుకుని మెడ చుట్టూ నల్లటి చార పడింది. మాట తక్కువ. ఎవరేమన్నా తల ఊపి ఊరుకుంటాడు. అందుకని క్వారీలో అందరూ ఆయన్ని నిదానస్తుడని మెచ్చుకుంటారు. చెవులు వినపడని మనిషికి ఆ మంచిపేరు ఎంత సులువుగా వస్తుందో వాళ్ళకేం తెలుసు.

మార్కాపురం చుట్టుపక్కల ఇలాంటి క్వారీలు చాలా ఉన్నాయి. ఇందులో మందు పేల్చే పద్ధతి ఇది. గుంతలోకి రెండు దారులు. ఉత్తరాన లారీలు తిరిగే మట్టిరోడ్డు, అక్కడ యల్లయ్య కాపలా. దక్షిణాన కాలిబాట, అక్కడ యోసేపు. మధ్యలో పనికిరాని పలకరాయి పోయగా పోయగా రెండు మిద్దెల ఎత్తు దిబ్బ లేచింది కాబట్టి ఒకరికొకరు కనపడరు. మధ్యాహ్నం ఒంటిగంటకు కూలీలంతా అన్నాలకు పైకి వచ్చేశాక, రోడ్డు ఖాళీగా ఉందని చూసుకుని యల్లయ్య వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను మూడుసార్లు కొడతాడు. అది విని యోసేపు, తన బాట కూడా ఖాళీ అయితే, పొడుగ్గా ఒక ఈల వేస్తాడు. ఆ ఈల విని గుంతలో ఉన్న లక్ష్మీనరసయ్య మందుకు వత్తి అంటిస్తాడు. అంత లోతులోకి రైలుముక్క మోత సరిగా దిగదు. లక్ష్మీనరసయ్యకు ఈలే ఆధారం. మందు దగ్గర సెల్‌ఫోన్లు ఆపేయాలని రూలు.

ఈ పద్ధతిలో ఒక్కటే లోపం. యోసేపుకు రైలుముక్క వినపడదు.

ఏడాదిన్నర అయింది. ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత ఏసమ్మ పాట పోయింది, ఆ తర్వాత చర్చిలో పాస్టరుగారి ప్రసంగం పెదాల కదలికగా మిగిలింది. రైలుముక్క చివరిదాకా నిలబడింది. ఒకరోజు అదీ పోయింది. ఆ రోజు ఏం చెయ్యాలో తోచక ఈల పట్టుకుని నిలబడ్డప్పుడు, గుట్ట మీద మేకలన్నీ ఒక్కసారిగా తలలెత్తి బండల చాటుకు ఎక్కడం చూశాడు. క్వారీ మళ్ళీ తెరిచిన కొత్తలో ఎగిరొచ్చిన రాయి తగిలి ఒక మేకపిల్ల చచ్చింది. అప్పటినుంచీ రైలుముక్క మోగితే చాలు, మంద మొత్తం బండల వెనక్కి పోతుంది. రైలుముక్క మోగిందన్నమాట. యోసేపు ఈల వేశాడు. కాసేపటికి అరికాళ్ళ కింద నేల అదిరింది. అంతా సవ్యంగా జరిగింది. మర్నాడూ అలాగే చేశాడు.

అబద్ధం మొదటిరోజు భారంగా ఉంటుంది. నెల తిరిగేసరికి అది పని అవుతుంది.

వినపడటం లేదని చెప్పేసి ఇంటికి పోవచ్చు కదా అంటే, పోలేడు. ఆయన కూర్చునే పలకరాయికి పది అడుగుల దూరంలో, ఇరవై రెండేళ్ళ కింద ఆయన అన్న పాల్ రాజు పడిపోయాడు. అప్పుడు కాలిబాటకు కాపలా లేదు. మందు పేలుతుందని తెలియక, భుజాన గొడ్డలి వేసుకుని, పాట పాడుకుంటూ వచ్చాడు. గుప్పెడంత రాయి కణతకు తగిలింది. ఆ తర్వాతే యజమాని ఈ బాటకు ఒక మనిషిని పెట్టాలనుకున్నాడు, తమ్ముడినే పెట్టాడు. మధ్యలో క్వారీ మూతపడిన నాలుగేళ్ళు కూడా కాపలాదారుగా ఇక్కడే ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఈ బాటన పోయే మనిషికి గీత పడలేదు. ప్రతి క్రిస్మస్‌కూ ఆ ఒక్క మాట ప్రార్థనలో చెప్పుకుంటాడు. ఈల వదిలేస్తే అన్నను మళ్ళీ ఆ బాటన ఒంటరిగా వదిలేసినట్టు అనిపిస్తుంది ఆయనకు. అది పిచ్చి ఆలోచనే. అయినా మనిషిని పట్టుకుని ఉంచేవి సాధారణంగా అలాంటివే.

సోమవారం దాకా మేకలు తప్పు చెప్పలేదు.

సోమవారం పొద్దున పదికి, మందు పేల్చే వేళ కానే కాని వేళ, నాలుగు ముసలి మేకలూ తలలెత్తి బండల మీదికి పరుగెత్తాయి. యోసేపు ఈల చేత్తో పట్టుకుని వాటినే చూస్తూ నిలబడ్డాడు. సుబ్బరత్నమ్మ కర్ర పట్టుకుని దిగివచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయనతో మాట్లాడాలంటే ఆమె ఎప్పుడూ ఎదురుగా వచ్చి, మొహంలోకి చూస్తూ, నిదానంగా మాట్లాడుతుంది. ఆ పెదాలు చూసి ఆయన మాట పట్టుకుంటాడు. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

"బన్నుల బండి మళ్ళా ఈ రోడ్డున వచ్చింది యోసేపూ. ఆ హారనుకు ముసలియ్యి గుట్టెక్కినాయి. బండి వీటినేమన్నా గుద్దిందా, కొట్టిందా? ఏంది ఈ యవ్వారం?"

"అన్నీ ఎక్కినాయా అక్కా?"

"లేదు. రైలుముక్కకైతే పిల్లాజెల్లా అన్నీ పోతాయి. దీనికి ముసలియ్యి నాలుగే పోయినాయి. చిన్నయ్యి తలెత్తి చూసి మళ్ళా మేస్తుండాయి."

ఆ రోజు అన్నం తింటూ యోసేపు దాని గురించే ఆలోచించాడు. బన్నుల బండి జయపాల్‌ది. క్వారీ మూతపడిన నాలుగేళ్ళూ అది రోజూ పదికి ఈ రోడ్డున పోయేది. యల్లయ్యకు వాచీ లేదు. హారన్ వినపడితే పదయిందని లెక్క. లేచి రైలుముక్కను నాలుగు దెబ్బలు కొట్టేవాడు, కాపలావాళ్ళు మేలుకునే ఉన్నారని దూరంగా ఉన్న యజమాని ఇంటికి తెలియడానికి. అప్పట్లో పేల్చడాలు లేవు. హారన్, దాని వెంట రైలుముక్క, అంతే. ఆ రెండింటిలో ఏదీ మేకలకు మేత పెట్టలేదు, దెబ్బా వేయలేదు. అవి చెవి కూడా ఆడించేవి కావు.

క్వారీ మళ్ళీ తెరిచాక లారీలకు రోడ్డు గుల్లై జయపాల్ వేరేదారి పట్టాడు. దిబ్బ పెరిగి మనుషులు కనపడకపోవడంతో, కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ప్రభాకరరావు రైలుముక్కను పేల్చే గుర్తుగా మార్చాడు. రైలుముక్క వెంట రాళ్ళు ఎగరడం అప్పుడు మొదలైంది. అంటే హారన్ మోగినప్పుడు ఒక్కనాడూ రాయి పడలేదు. మరి ఈ మేకలు దేనికి జడిశాయి?

సంకటి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అవి విన్నాయి. ఆ నాలుగేళ్ళు పట్టనట్టే మేస్తూ, హారన్ వెంట రైలుముక్క వస్తుందని లోపలెక్కడో వేసుకున్నాయి. పనికొచ్చే సంగతి కాదు, అయినా వేసుకున్నాయి. తర్వాత రైలుముక్కకు భయం అంటుకుంది. ఇన్నాళ్ళకు హారన్ మోగేసరికి ఆ భయం దానికీ పాకింది. ఆ రోజుల్లో పుట్టని చిన్న మేకలకు ఆ లంకె లేదు. అందుకే అవి మేస్తూ ఉండిపోయాయి.

మేకల సంగతి తలుచుకుని నవ్వుకుందామనుకున్నాడు. మంగళవారం పనికి నడిచొస్తుంటే జయపాల్ నీలం బండి ఎదురొచ్చి పక్కనుంచి పోయింది. హారన్ వేశాడో లేదో యోసేపుకు తెలియదు. బండిని చూసేసరికే నోరు ఎండిపోయింది, చెయ్యి తనంతట తాను ఈల మీదికి పోయింది. ఆ చేతిని చూసుకున్నాక ఆయనకు నవ్వు రాలేదు.

రోడ్డుకు కొత్తగా గ్రావెల్ తోలారు, బండి ఇక రోజూ వస్తుంది. హారన్ మోగిందంటే రోడ్డు మీద బండి ఉన్నట్టు. మేకలు గుట్టెక్కితే రోడ్డు ఖాళీ అయినట్టని తను అనుకుంటాడు. ఈ రెండూ ఒకే వేళకు కలిస్తే ఏమవుతుందో యోసేపుకు స్పష్టంగా తెలుసు. ఒక్కటే ధైర్యం, బండి పదికి వస్తుంది, మందు ఒంటిగంటకు. మంగళవారం అలాగే జరిగింది, బుధవారమూ అలాగే జరిగింది.

ఇవాళ గురువారం. పదయింది. మేకలు కదల్లేదు.

యోసేపు లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. పదిన్నరకు ఎండ పలకరాళ్ళ మీద తెల్లగా మెరవడం మొదలైంది. నల్లమేక తుమ్మకాయలు నములుతోంది. పదకొండుకు ఇక ఉండబట్టలేక నీళ్ళ సీసా పట్టుకుని దిబ్బ చుట్టూ తిరిగి యల్లయ్య దగ్గరికి పోయాడు. యల్లయ్య వేపచెట్టు కింద బీడీ కాలుస్తున్నాడు.

"బన్నుల బండి పోయిందా యల్లయ్యా?"

యల్లయ్య తల అడ్డంగా ఊపాడు. "రాలేదు మామా. పంచరై ఉంటది. ఏంది, బన్ను తినబుద్దయిందా?"

యోసేపు కుండలోంచి నీళ్ళు ముంచుకున్నాడు. సీసా నిండి పొర్లింది. ఇప్పుడు చెప్పాలి. 'నాకు వినపడదు యల్లయ్యా' అంటే సరిపోతుంది, మూడు ముక్కలు. యల్లయ్య మంచివాడు, అరవడు. కానీ ఏడాదిన్నర నుంచి ఎట్లా నడిపినావు అని అడుగుతాడు. యోసేపు సీసా మూత బిగించాడు.

"ఏంది మామా?"

"ఏంలేదు. ఎండ ఎక్కువుంది."

వెనక్కి వస్తూ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ మేకలను నమ్మేది లేదు. ఒంటిగంట కాకముందే దిబ్బ ఎక్కి, యల్లయ్య రైలుముక్క కొట్టడం కళ్ళారా చూసి, అప్పుడే ఈల వేస్తాడు. సాయంత్రం ఏసమ్మకు చెప్పి, రేపు ప్రభాకరరావుకు చెబుతాడు. రేపటికి వాయిదా పడిన నిజం మనిషికి ఎంత నెమ్మదినిస్తుందో. యోసేపు ఆ నెమ్మదిలోనే టిఫిను డబ్బా విప్పి, సంకటి, గోంగూర పచ్చడి తిన్నాడు.

పన్నెండున్నరకు ప్రభాకరరావు టోపీ పెట్టుకుని కాలిబాట దగ్గరికే వచ్చాడు. పొదిలి వైపు మనిషి, నలభై ఉంటాయి, ఎప్పుడూ తొందరలో ఉంటాడు. ఎదురుగా నిలబడి, వేలితో బాటను చూపిస్తూ చెప్పాడు కాబట్టి ప్రతి మాటా యోసేపుకు తెలిసింది.

"ఇవాళ ఐదు తూటాల మందు. సరిగ్గా రోడ్డు అంచు కిందే. మిరపకోతల ఆడవాళ్ళు ఈ బాటనే తిరిగొస్తున్నారు. నువ్వు ఇక్కడినుంచి అడుగు కదలొద్దు."

"దిబ్బెక్కి ఒకసారి రోడ్డు చూసొస్తా సార్."

"రోడ్డుకు యల్లయ్య ఉన్నాడు. నీ బాట నువ్వు చూసుకో."

ఇరవై రెండేళ్ళుగా యోసేపు చెబుతున్న మాట కూడా అదే, నా బాట నేను చూసుకుంటా అని. ప్రభాకరరావు వెళ్ళిపోయాడు. కూలీలు గుంతలోంచి ఒక్కొక్కరే ఎక్కి, షెడ్డు వైపు పోతున్నారు. యోసేపు ఈల చేతిలోకి తీసుకున్నాడు.

ఒంటిగంటకు ఐదు నిమిషాలు ఉండగా బాట మలుపులో ఇద్దరు ఆడవాళ్ళు కనపడ్డారు. కొంగుల్లో మిరపకాయలు, నెత్తిన నీళ్ళ క్యాన్లు. యోసేపు జెండా పెరికి అడ్డంగా పట్టుకుని ఎదురు నడిచాడు.

"ఆగండమ్మా. మందు పెట్టినారు. ఆ రాతిగోడ ఎనకాల కూసోండి."

వాళ్ళు ఏదో అన్నారు. పెద్దామె నవ్వింది. చిన్నామె ఇంటి వైపు చూపించి చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. ఇద్దరినీ గోడ వెనక్కి పంపేసరికి కొంత సేపు పట్టింది. ఆ సేపంతా ఆయన వీపు మేకల వైపు ఉంది.

తిరిగి చూశాడు. నల్లమేక బండ మీద ఉంది. దాని వెనకే మచ్చల మొహంది, కొమ్ము విరిగినది, ఎర్రది కూడా పైకి పోయాయి. వేళ ఒంటిగంట. రోజూ ఇదే వేళ, ఇదే బండ. బాట ఖాళీగా ఉంది. చెయ్యి లేచింది, ఈల పెదాల మధ్యకు వచ్చింది, రొమ్ము గాలి పీల్చుకుంది. లోపల గింజ గిరగిరా తిరగడం నాలుకకు తెలిసింది. పొడుగ్గా ఒక్క ఈల, ఎప్పుడూ వేసేదే.

ఈల దించి, వాలు కిందికి చూశాడు. తుమ్మచెట్ల కింద చిన్న మేకలు మేస్తున్నాయి.

ఒక్క క్షణం ఆయనకు ఏమీ అర్థం కాలేదు. కాదు, అర్థమైంది, ఒళ్ళు ఒప్పుకోలేదు. చిన్నవి మేస్తున్నాయి. తోకలు ఊపుకుంటూ, తలలు కూడా ఎత్తకుండా మేస్తున్నాయి. మోగింది రైలుముక్క కాదు.

యోసేపు దిబ్బ మీదికి పరుగెత్తాడు. పలకరాళ్ళు కాళ్ళ కింద జారిపోతున్నాయి. రెండడుగులు ఎక్కితే ఒకడుగు కిందికి వస్తున్నాడు. చెప్పు ఒకటి ఊడిపోయింది. జెండాకర్రను రాళ్ళలో గుచ్చి, దాన్ని పట్టుకుని ఎక్కాడు. రాళ్ళ అంచులు మోకాళ్ళను కోశాయి. రొమ్ములో ఊపిరి ఆడటం లేదు. పాల్ రాజు మొహం కళ్ళ ముందుకు వచ్చింది, ఆయన దాన్ని పక్కకు తోసేశాడు.

పైకి చేరాడు. అక్కడినుంచి రెండువైపులా కనపడింది. రోడ్డు మీద, సరిగ్గా అంచు పక్కన, నీలం బండి ఆగి ఉంది. జయపాల్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. యల్లయ్య బండి తలుపు మీద అరచేత్తో బాదుతూ ముందుకు పొమ్మని చెయ్యి ఊపుతున్నాడు. కింద, రోడ్డు అంచు కింద, లక్ష్మీనరసయ్య గుంత గోడకు మొహం పెట్టి వంగి ఉన్నాడు. మొదటి వత్తి దగ్గర నీలిపొగ లేచింది. ఆయన రెండోదాని మీదికి వంగాడు.

యోసేపు అరిచాడు. గొంతు చిరిగేలా అరిచాననుకున్నాడు, ఎంత బయటికి వచ్చిందో ఆయనకే తెలియదు. జెండా ఊపాడు. లక్ష్మీనరసయ్య వీపు తిరగలేదు. రెండో వత్తి దగ్గర కూడా పొగ లేచింది. యోసేపు చతికిలబడి, రెండు కాళ్ళతో ఒక పెద్ద పలకను గుంతలోకి తన్నాడు. అది దొర్లుతూ తన వెంట మరో పది రాళ్ళను లాక్కుపోయింది. లక్ష్మీనరసయ్య ఉలిక్కిపడి తిరిగాడు, పైకి చూశాడు. ఎర్రగుడ్డ కనపడింది. ఆయన చెయ్యి మొలలో ఉన్న కత్తి మీదికి పోవడం యోసేపు చూశాడు. ఆ తర్వాత దుమ్ము లేచి అంతా కప్పేసింది.

యోసేపు కళ్ళు మూసుకుని, చెప్పులేని పాదాన్ని రాయికి ఆనించాడు. పేలితే ఆయనకు తెలిసేది అక్కడినుంచే. దేవా, దేవా అనుకున్నాడు. ఒకటి నుంచి లెక్కపెట్టాడు. నలభై దాటింది. డెబ్బై దాటింది. నూట ఇరవై దాకా లెక్కపెట్టాడు. పాదం కింద రాయి అదరకుండా ఊరికే ఉంది.

కళ్ళు తెరిస్తే లక్ష్మీనరసయ్య కోసిన రెండు వత్తి ముక్కలను చేతిలో పట్టుకుని గుంత మధ్యలో నిలబడి ఉన్నాడు. యోసేపు అక్కడే కూర్చుని ఏడ్చాడు.

వేపచెట్టు కింద అందరూ చేరారు. జయపాల్ మొహం పాలిపోయి ఉంది. బండిలోంచి నీళ్ళ ప్యాకెట్టు తెచ్చి యోసేపు చేతిలో పెట్టాడు. ప్రభాకరరావు పరుగున వచ్చి మొదట బండిని, తర్వాత గుంతను, ఆ తర్వాత యల్లయ్యను చూశాడు. యోసేపు కళ్ళు ఒకరి పెదాల మీదినుంచి ఒకరి పెదాల మీదికి పోతున్నాయి.

"బండిని లోపలికి వదిలి రైలుముక్క ఎట్లా కొట్టావురా?"

"నేను కొట్టలేదు సార్. మా అమ్మతోడు. బండి వచ్చి హారన్ కొడితే, పోనియ్యమని చెప్తుండా. అంతట్లోకే ఈల పడింది."

"కొట్టకుండా యోసేపు ఈల వేస్తాడా? ఇరవై రెండేళ్ళలో ఎప్పుడన్నా వేశాడా? ఆ పెద్దాయన దిబ్బెక్కి చూడబట్టి బతికిపోయాం. రేపటినుంచి నువ్వు రావద్దు."

ప్రభాకరరావు యోసేపు భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. యల్లయ్య యోసేపు వైపు చూడటం లేదు, రైలుముక్క వైపు చూస్తున్నాడు, తనే కొట్టి మరిచిపోయానా అన్నట్టు. నోరు మూసుకుని తల ఊపితే చాలు. అందరూ అలవాటుపడ్డ ఆ ఊపు చాలు. ఈల ఉంటుంది, బాట ఉంటుంది, మెచ్చుకోలు కూడా దొరుకుతుంది.

"యల్లయ్య కొట్టలేదు సార్," అన్నాడు యోసేపు. "నాకు రైలుముక్క వినపడదు. ఏడాదిన్నరాయె. మేకల్ని చూసి ఊదుతుండా."

"ఏం మేకలు?"

యోసేపు గుట్ట వైపు చెయ్యి చూపించాడు. చెప్పాడు. తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాడు. హారన్ సంగతి, మూతపడిన నాలుగేళ్ళ సంగతి, ముసలివి, చిన్నవి. ఎవరికి ఎంత అర్థమైందో తెలియదు. లక్ష్మీనరసయ్య మాత్రం ఉన్నచోటే నేల మీద కూర్చున్నాడు.

"ఏడాదిన్నర నుంచి మేకల మాట మీద నేను వత్తి అంటిస్తుండానా మామా?"

యల్లయ్య యోసేపు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. సుబ్బరత్నమ్మ నిలబడినట్టే, మొహంలోకి చూస్తూ.

"పొద్దున నీళ్ళకొచ్చినావు గదా. అప్పుడన్నా చెప్పుంటే నేను దిబ్బెక్కి చెయ్యి ఊపేవోణ్ణి గదా మామా. దానికేముంది."

"చెప్దామనే వచ్చినా," అన్నాడు యోసేపు. అంత తేలికైన పనికి అంత భయపడ్డానే అని ఆయనకు సిగ్గు ముంచుకొచ్చింది.

ప్రభాకరరావు యోసేపుకు కనపడేట్టు తిరిగి, "ఇంటికి పో యోసేపూ. లెక్క తర్వాత చూద్దాం," అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత యల్లయ్య వైపు తిరిగి, "నువ్వు ఉండు," అన్నాడు.

మందు పేల్చడం సాయంత్రానికి మార్చారు. బాట మీదికి గుంతలో పనిచేసే ఒకతన్ని పంపారు. ఇకమీదట ఇద్దరిలో ఒకరు దిబ్బ మీదే నిలబడాలని ప్రభాకరరావు చెప్పాడు. యోసేపు కొత్త మనిషికి జెండా ఇచ్చాడు. ఈల ఇవ్వబోతే ప్రభాకరరావు వద్దని, స్టోరులోంచి ఎర్ర ప్లాస్టిక్ ఈల తెప్పించాడు. ఒకరి నోటి ఈల ఇంకొకరు పెట్టుకోరు.

యోసేపు తన చోటికి వచ్చి టిఫిను డబ్బా సంచిలో వేసుకున్నాడు. ఊడిపోయిన చెప్పు వెతికి తొడుక్కున్నాడు. పది అడుగుల దూరంలో, అన్న పడినచోట, ఎండుగడ్డి గాలికి ఊగుతోంది. అటు చూసి, "ఇంకొకరు వచ్చినారు అన్నా," అన్నాడు. మెడలోంచి ఈల తీసి ఇంటికి తీసుకుపోదామా అని ఆలోచించాడు. ఇంట్లో దాన్ని చూసినప్పుడల్లా ఏం చెయ్యాలో తోచలేదు. కూర్చునే పలకరాయి మీద పెట్టాడు. సుబ్బరత్నమ్మ కర్ర ఆనించుకుని గుట్ట మీదినుంచి చూస్తోంది. ఆమె దిగి రాలేదు. ఆయన చెయ్యెత్తితే ఆమె కూడా చెయ్యెత్తింది.

జయపాల్ బండిలో ముందుసీటు మీది బన్నుల ట్రే వెనక్కి జరిపి, యోసేపును కూర్చోబెట్టాడు. "పద చిన్నాయనా, ఊళ్ళో దించుతా," అన్నాడు. బండి కదిలింది. మలుపులో ఎదురుగా ట్రాక్టరు వస్తే జయపాల్ బొటనవేలు హారన్ మీద నొక్కింది. యోసేపుకు ఏమీ వినపడలేదు. నోరు ఎండిపోయింది, కుడిచెయ్యి లేచి రొమ్ము మీదికి పోయి, చొక్కా గుండీల మధ్య తడుముకుంది. కిటికీలోంచి గుట్ట కనపడుతోంది. నాలుగు ముసలి మేకలు, ఒకదాని వెనక ఒకటి, బండల మీదికి ఎక్కుతున్నాయి. చిన్నవి మేస్తున్నాయి.

కాలిబాట పక్కన, పలకరాయి మీద, నల్లదారం చుట్టుకున్న ఇత్తడి ఈల ఎండకు కాగుతోంది, నోట్లో పెట్టుకునే అంచు పంటిగాట్లతో అరిగి ఉంది.